పట్టా పుచ్చుకున్నాక వదిన ఫోను

"వీడికి ఉద్యోగం రాకపోతే ఏం చెయ్యాలి వదినా?"

అడిగిన తల్లి ముఖంలో నవ్వన్నది లేదు. ఆ ప్రశ్నకు కారణమైన పెద్దమనిషి అప్పటికి నేల మీద బోర్లా పడుకుని, తల్లి చెప్పును నోట్లో ఇరికించుకునే ప్రయత్నంలో ఉన్నాడు. ఆయనగారికి రెండో పన్ను కిందటి వారమే వచ్చింది.

వదిన చెప్పు లాగేసి, పిల్లాణ్ణి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏ బ్రాంచి?" అంది.

"వెటకారాలొద్దు. నాకు నిజంగానే భయంగా ఉంది."

"నేనూ నిజంగానే అడుగుతున్నా. చెప్పుల మీద ఇప్పట్నుంచే ఇంత మమకారం ఉందంటే మంచిదేగా. ఇంజనీరింగ్ అయ్యాక ఎలాగూ వాటినే అరగదియ్యాలి."

ఆ తల్లి వదినకు ఆడపడుచు. బళ్ళో పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతుంది. దేన్నైనా కొలిస్తే గానీ నమ్మదు, కొలిచాక భయపడకుండా ఉండదు. పిల్లాడి బరువు, పొడుగు, నిద్ర గ్రాఫులు గీసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. గీత కాస్త కిందికి వంగితే ఆ పూట ఆమెకు అన్నం సహించదు. ఇంజనీర్లకు ఉద్యోగాలు దొరకడం లేదని ఎవరో అనగా విని, ఆ దిగులు వదిన దగ్గరికి మోసుకొచ్చింది. మోసుకురావడంలో తప్పేమీ లేదు. ఆ సంగతి వదినకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు.

వదిన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేస్తుంది. పట్టా పుచ్చుకుని వెళ్ళిన పిల్లలందరికీ కొన్ని నెలలాగి ఫోన్ చేసి, "ఇప్పుడేం చేస్తున్నారు?" అని కనుక్కోవడం ఆమె పని. అందులో ఎందరికి ఉద్యోగాలున్నాయో లెక్క తేల్చి డైరెక్టరు గారికి ఇవ్వాలి. ఆడపడుచు అదే కాలేజీ ఆవరణలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, మధ్యాహ్నం అయ్యేసరికి "వదినా!" అని కేకేసుకుంటూ వచ్చి ఆమె క్యారియర్ మీద పడేది. ఆ పిలుపు పక్క గదుల వాళ్ళకు అంటుకుంది, వాళ్ళ నుంచి విద్యార్థులకు అంటుకుంది. ఒకసారి మీటింగులో డైరెక్టరు గారే "వదినగారూ" అనేసి, దాన్ని దగ్గుగా మార్చుకోవడానికి చాలా అవస్థ పడ్డారు.

వదిన చదివింది మెకానికల్. వర్క్‌షాపులో స్క్రూడ్రైవర్ ఒక కొన యంత్రానికి, ఇంకో కొన చెవికి ఆనించి, లోపల ఏ బేరింగు మూలుగుతోందో చెప్పేది. మాస్టారు యంత్రం విప్పి చూస్తే అదే బేరింగు. ఆ చెవికి ఉద్యోగం మాత్రం రాలేదు. ఒక ఇంటర్వ్యూలో పెద్దాయన జాలిగా, "అంత పెద్ద పెద్ద యంత్రాల మధ్య ఆడపిల్ల ఎలా పనిచేస్తుందమ్మా?" అన్నాడు. "యంత్రాలకైతే అభ్యంతరం లేదండీ" అని వచ్చింది వదిన. ఇలాంటి జవాబులు ఆమెకు చాలా ఉండేవి, అందుకే ఇంటర్వ్యూలూ చాలానే అయ్యాయి. చివరికి చదివిన కాలేజీయే తాత్కాలికం అని చెప్పి తీసుకుని ఈ ఫోను చేతికిచ్చింది. అప్పటి నుంచి ఏటేటా ఉద్యోగం ముగిసిందని ఒక కాగితం, మళ్ళీ మొదలైందని ఇంకో కాగితం ఇస్తూనే ఉన్నారు.

ఆమెకిచ్చిన గది మెట్ల కింద ఉంది. కప్పు ఏటవాలు. కుర్చీ వెనక్కి జరపకుండా లేస్తే నెత్తి బొప్పి కడుతుంది. పక్కనే జిరాక్స్ యంత్రం. అది మొదలైందంటే బల్ల మీద పెన్నులు వాటంతటవే నడుస్తాయి. ఆ గదిలో కూర్చుని, ఒక చెవి మూసుకుని, రెండో చెవితో ఊరంతటి సంసారాలూ వింటుంది వదిన.

ఎందుకంటే పిల్లలకు ఫోన్ చేస్తే పిల్లలు ఎత్తరు.

"హలో, కాలేజీ నుంచండీ. అబ్బాయి ఉన్నాడా?"

"మావాడు పెద్ద కంపెనీలో ఉన్నాడమ్మా" అన్నాడొక తండ్రి, గొంతు సవరించుకుని. "ఊపిరి సలపని పని. ఫోన్ పట్టుకునే తీరికుండదు."

వెనక నుంచి ఒక గొంతు తడితడిగా అరిచింది. "నాన్నా! తువ్వాలు ఎక్కడ పెట్టావ్?"

"తువ్వాళ్ళు కూడా కంపెనీ వాళ్ళే ఇస్తారాండీ?" అంది వదిన.

తండ్రి నవ్వేసి, కొడుకును పిలిచాడు.

ఇంకోచోట తల్లి ఎత్తింది. "మా అమ్మాయి పై చదువులకి సిద్ధమవుతోందండీ, ఒక్క క్షణం ఖాళీ ఉండదు" అని చెబుతుండగానే, ఇంట్లో ఇంకో ఫోను ఎత్తిన అమ్మాయి, "వదినా, నేను నిద్రకి సిద్ధమవుతున్నా. మళ్ళీ చెయ్యండి ప్లీజ్" అంది.

వదిన ఎవర్నీ ఉద్యోగం వచ్చిందా అని సూటిగా అడగదు. అలా అడిగితే వచ్చినవాడు డబ్బా కొడతాడు, రానివాడు కోతలు కోస్తాడు. అందుకని, "నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఏం చేశావో చెప్పు బాబూ" అంటుంది. నిన్నటి రోజు గురించి అబద్ధం ఆడటం కష్టం. మధ్యలో టిఫిన్ దగ్గరో స్నానం దగ్గరో తడబడతారు. "నాలుగు ఇంటర్వ్యూలకి వెళ్ళా వదినా. నాలుగు చోట్లా మళ్ళీ ఫోన్ చేస్తామన్నారు. చేసింది మీరొక్కరే" అన్నాడొకడు. వాణ్ణి ఓదార్చాలో, వాడితో కలిసి నవ్వాలో తెలియక వదిన రెండూ చేసింది.

ఈ లెక్కకు రెండు నియమాలు ఉన్నాయి. లెక్క తీసే వారంలో జీతానికి ఏ పని చేస్తున్నా ఉద్యోగం ఉన్నట్టే. ఎన్నిసార్లు ఫోన్ చేసినా జవాబు దొరక్కపోతే మాత్రం ఉద్యోగం లేనట్టే. కాలేజీలకు గుర్తింపు ఇచ్చే సంఘం పెట్టిన నియమాలవి. మొదటి నియమం డైరెక్టరు గారికి కంఠతా వచ్చు. రెండోది ఆయన సరిగ్గా చదవలేదు.

డైరెక్టరు గారు సివిల్ ఇంజనీరు. అంకెలంటే ఆయన దృష్టిలో కాంక్రీటు. గట్టిపడక ముందు ఏ అచ్చులో కావాలంటే ఆ అచ్చులో పోసుకోవచ్చు. ఆ ఏడు సంఘం వాళ్ళు తనిఖీకి వస్తున్నారని తెలిసి వదినను పిలిచారు.

"పదిమందిలో తొమ్మిదిమందికి ఉద్యోగాలున్నాయని తేలాలమ్మా. తేలితే నీ పోస్టు పర్మనెంటు. రాసిస్తాను."

పర్మనెంటు అన్న మాట కోసం ఆమె ఏళ్ళ తరబడి ఎదురుచూస్తోంది. కానీ ఆమె లెక్క పదికి ఏడు దగ్గర ఆగిపోయింది. ఆ మాటే చెప్పింది.

"అందుకే ఆ మిగిలిన పిల్లల్ని మనమే ఒక వారం ఉద్యోగంలోకి తీసుకుందాం" అన్నారు డైరెక్టరు గారు, వరం ఇస్తున్నట్టు. "పరిశోధన సహాయకులు. పేరు బావుంది కదూ?"

"వాళ్ళేం చేస్తారు సార్?"

"నీలాగే ఫోన్లు చేస్తారు."

"ఎవరికి?"

"ఇంకా ఉద్యోగం రాని పిల్లలకి."

"ఉద్యోగం రాని పిల్లలంతా ఇక్కడే కూర్చుంటే?"

డైరెక్టరు గారు ఫ్యాను వంక చూశారు. "ఒకళ్ళకొకళ్ళు చేసుకుంటారు" అన్నారు.

వదినకు నవ్వొచ్చింది, కోపం వచ్చింది, పర్మనెంటూ గుర్తొచ్చింది. కాదంటే ఆ పని ఇంకెవరికో అప్పజెబుతారు. సరే, అంకె ఆయనది అనుకుంది, వారం మాత్రం నాది.

సోమవారం పొద్దున్నే సెమినార్ హాలు నిండిపోయింది. అన్ని బ్రాంచీల వాళ్ళూ వచ్చారు, ఇస్త్రీ చొక్కాల్లో, కొత్త ఫైళ్ళతో. తల్లిదండ్రులు కొందరు గేటు దాకా వచ్చి దించి వెళ్ళారు. మొదటి గంట డైరెక్టరు గారు చెప్పినట్టే నడిచింది.

"హలో, నువ్వు ఉద్యోగం చేస్తున్నావా?"

"చేస్తున్నా."

"ఏం ఉద్యోగం?"

"నీ ఫోనెత్తడం."

"కష్టమా?"

"ఇందాకటిదాకా బానే ఉంది. అవతలివాడు మరీ ప్రశ్నలేస్తున్నాడు."

హాలంతా గొల్లుమంది. వదిన కూడా కడుపు పట్టుకుని నవ్వి, తర్వాత బల్ల మీద డస్టరు కొట్టింది.

"అయిందా ముచ్చట? ఇప్పుడు పాత బ్యాచీల వాళ్ళకి చెయ్యండి. ఉద్యోగం ఇప్పించమని ఒక్కరు అడిగారంటే ఊరుకోను. నిన్న పొద్దున్నుంచి ఏం చేశావన్నా, ఏం చేశావక్కా అని అడగండి. చెప్పింది వినండి. మధ్యలో అడ్డు తగలకండి."

"వింటే ఏమొస్తుంది వదినా?" అన్నాడు వెనక బెంచీ నుంచి దుప్పటి.

దుప్పటి అన్నది వదిన పెట్టిన పేరే. ఎలక్ట్రికల్ పట్టా ఉంది, మార్కులూ ఉన్నాయి. ఏ వేళ ఫోన్ చేసినా మాట దుప్పటి కింద నుంచి వచ్చినట్టు ముద్దగా వచ్చేది. వాళ్ళమ్మ ఆ పక్కనే నిలబడి, "చెప్పరా, చదువుకుంటున్నానని చెప్పు" అని అందించేది.

"ఏమొస్తుందో నాకూ తెలీదు. నిద్రైతే రాదు, చెయ్యి" అంది వదిన.

దుప్పటి ఒక సీనియర్‌కు చేశాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఉన్నాడు. నిన్నేం చేశారన్నా అనగానే కట్ట తెగినట్టు మొదలెట్టాడు. మనుషులు చాలక చచ్చిపోతున్నాడట. ఒక ఆఫీసులో లిఫ్టు రోజూ మూడో అంతస్తు దాటాక ఆగిపోతోందట. పొద్దున్నుంచి మెట్లెక్కి దిగి మోకాళ్ళు అరిగాయట. ఆయన్ను ఇంతవరకూ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు కాబోలు, చెబుతూనే ఉన్నాడు. దుప్పటి అంతా విని, "అన్నా, ఆగినప్పుడు టక్ మని చప్పుడొస్తోందా, మెల్లిగా ఆగుతోందా?" అన్నాడు. అవతల నుంచి, "నువ్వు రేపు ఇటు రాగలవా తమ్ముడూ?" అన్న మాట స్పీకర్లో హాలంతా వినబడింది.

ఇక ఆ హాలును ఆపడం ఎవరి తరమూ కాలేదు. అందరికీ కలిసొచ్చిందని కాదు. ఒక సీనియర్ గంటసేపు తన పెళ్ళి గొడవ చెప్పి పెట్టేశాడు. ఇంకొకావిడ, "నా ఉద్యోగమే పోయేలా ఉంది, మీ హాల్లో కుర్చీ ఖాళీ ఉందా?" అంది. కానీ ఎప్పుడూ చేతిలో కొలత టేపు తిప్పుతూ ఉండే సివిల్ అమ్మాయికి ఒక ఆసుపత్రి కట్టేచోట నుంచి పిలుపొచ్చింది. పంపుల కంపెనీ వాళ్ళు ఇద్దర్ని రమ్మన్నారు. వారం సగం గడిచేసరికి ముందు వరుస పల్చబడింది.

తనిఖీ శుక్రవారం. సంఘం నుంచి వచ్చినావిడ పెద్దవయసు మనిషి. కళ్ళద్దాలు గొలుసుకు వేలాడుతున్నాయి, నవ్వు మాత్రం ఎక్కడా వేలాడటం లేదు. డైరెక్టరు గారు ఆమెను హాలు దగ్గరికి తీసుకొచ్చి, "మా పరిశోధన సహాయకులు" అంటూ తలుపు తెరిచారు.

లోపల కుర్చీలు ఉన్నాయి. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వదిన ఉంది. ఇంకెవరూ లేరు.

డైరెక్టరు గారి ముఖం తడి సిమెంటు రంగుకు తిరిగింది. "ఏరీ వీళ్ళంతా?" అన్నారు.

వదిన లేచి నిలబడింది. "ఇద్దరికి కడుపునొప్పి సార్. ఒకడికి పంటినొప్పి. ముగ్గురి బామ్మలకి ఒకేసారి సీరియస్‌గా ఉందట. మిగతావాళ్ళవీ ఇలాంటి కబుర్లే."

"అంటే?" అంది తనిఖీ ఆవిడ.

"ఇంటర్వ్యూలకి వెళ్ళారండీ."

"ఉద్యోగంలో ఉండగానే?"

"ఉద్యోగంలో ఉన్నవాళ్ళు చేసే పనే కదండీ. సెలవు పెట్టడానికి బామ్మని మంచానెక్కించి మరీ వెళ్ళారు. ఇంకా వారం కూడా తిరగలేదు, అప్పుడే పక్కా ఉద్యోగస్తులైపోయారు."

తనిఖీ ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. భుజాలు కొంచెం కదిలాయి. మళ్ళీ అద్దాలు పెట్టుకునేసరికి మొహం మామూలుగానే ఉంది.

"వారం ఉద్యోగాలు నేను లెక్కలోకి తీసుకోను" అంది. "ఫోన్లు చేసేది నువ్వే కదా. అసలు అంకె ఎంత?"

జవాబు చెప్పే ముందు వదిన డైరెక్టరు గారి వంక చూసింది. ఆయన కళ్ళతోనే తొమ్మిది అంటున్నారు. ఆ తొమ్మిది వెనకాలే పర్మనెంటు నిలబడి ఉంది. సినిమా కబుర్లైనా, ఇరుగుపొరుగు సంగతులైనా ఇంతను అంత చేసి చెప్పే మనిషి. కానీ ఇది నాలుగు నెలల పాటు ఒక్కొక్క ఇంటి గుట్టూ విని తేల్చిన అంకె.

"పదికి ఏడండీ" అంది. "ఇవాళ వెళ్ళినవాళ్ళలో ఎవరికైనా వస్తే పెరుగుతుంది. రాకముందు చెప్పను."

సోమవారానికల్లా కాగితం వచ్చింది. ఈసారి ముగిసిందన్న కాగితం ఒక్కటే వచ్చింది, మొదలైందన్నది రాలేదు. ఆమె పని ఇకపై యంత్రం చేస్తుందట, తుది లెక్క కోసం అందరికీ మళ్ళీ మొదట్నుంచీ.

ఆ వారమంతా వదిన జోకులు బందయ్యాయి. ఆడపడుచు పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చేసరికి వాషింగ్ మెషిన్ ముందు పీట వేసుకుని, ఊరికే దాని చప్పుడు వింటూ కూర్చుంది.

"ఏం వింటున్నావు వదినా?"

"దీనికైతే ఉద్యోగం ఉంది" అంది వదిన. "ఇప్పుడు నాకెవరైనా ఫోన్ చేసి అడిగితే, నేను ఆ మిగిలిన ముగ్గురిలోకి వస్తాను."

ఎవరూ అడగలేదు. కాలేజీ పెట్టిన యంత్రం అడిగే తీరు వేరు. తేనె పూసిన రికార్డు గొంతుతో, "మీరు ఉద్యోగంలో ఉంటే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి" అనేది. అప్పులిస్తామని విసిగించే వాళ్ళనుకుని తండ్రులు ఠక్కున పెట్టేశారు. ఒక బామ్మగారు మాత్రం దానికి మనవడి సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పి, చివర్లో "ఏమ్మా, ఊ కొట్టవేం? పొగరా?" అని కసిరింది. దుప్పటి వదినకే ఫోన్ చేశాడు. లిఫ్టు కంపెనీలో చేరాడు కాబట్టి గొంతులో దుప్పటి లేదు. "ఆ గొంతెవరిది వదినా? నిన్న ఏం చేశానో చెబుదామంటే వినదు, నొక్కమంటోంది. నేను పెట్టేశా."

అందరూ పెట్టేశారు. అప్పుడు పనికొచ్చింది ఆ రెండో నియమం. జవాబు చెప్పనివాడికి ఉద్యోగం లేనట్టే. ఫ్యాక్టరీలో షిఫ్టు మొత్తం చూసుకునేవాడూ కాగితం మీద నిరుద్యోగే, వంతెన కడుతున్న అమ్మాయీ నిరుద్యోగే. పదికి ఏడు కాస్తా సగానికీ దిగువకు జారింది. సంఘానికి తుది లెక్క పంపాల్సిన గడువు ముంచుకొచ్చింది.

ఒక సాయంత్రం డైరెక్టరు గారు వదిన ఇంటికి వచ్చారు. అసలు విషయం ఎత్తుకోలేక కాసేపు పిల్లాడి మీద పడ్డారు.

"పేరేంటి బాబూ?"

ఆడపడుచు చెప్పింది.

"ఏం ఆడుకుంటావు?"

"చెప్పులండీ" అంది ఆడపడుచు, సిగ్గుతో చచ్చిపోతూ. "మేం బొమ్మలు కొన్నాం, వాడే..."

"పెద్దయ్యాక ఏం చేస్తావు?"

"అదేనండీ నా భయమూనూ!" అంది ఆడపడుచు.

పిల్లాడు ఈలోగా డైరెక్టరు గారి బూటు లేసు పట్టుకుని, దాని రుచి చూస్తున్నాడు.

"నువ్వు మళ్ళీ రావాలమ్మా" అన్నారు ఆయన వదినతో, కాలు కదపకుండా.

"తాత్కాలికంగానా సార్?"

"పర్మనెంటుగానే."

"గది?"

"నీ గది అలాగే ఉంది."

"అది వంగి నిలబడే గది సార్. నాకు నిటారుగా నిలబడే గది కావాలి. జిరాక్స్‌కి దూరంగా."

"సరే."

"అంకె?"

"ఎంత వస్తే అంతే. ఏడుకి తగ్గదు కదా?"

"దుప్పటి చేరాడు, టేపు పిల్ల చేరింది. కాస్త పెరగొచ్చు. పెరిగితే మాత్రం దాస్తానా సార్?"

ఆయన నవ్వలేక నవ్వి, తడిసిన లేసుతో వెళ్ళిపోయారు. కాగితం చేతికొచ్చాకే వదిన కాలేజీ మెట్లెక్కింది. ఈసారి మెట్ల కిందికి కాదు.

కానీ ఆ సాయంత్రం, ఆయన అపార్టుమెంటు లిఫ్టులోకి వెళ్ళగానే, ఆడపడుచు మళ్ళీ మొదటికొచ్చింది. "నీ సంగతి తేలింది వదినా. మరి వీడిది?"

"ఇందాక డైరెక్టరు వీణ్ణి మూడు ప్రశ్నలు అడిగాడు" అంది వదిన. "మూడింటికీ నువ్వే చెప్పావు."

"వాడికి మాటలు రావు కదా!"

"రాకపోతేనేం? లేసు నోట్లో పెట్టుకున్నాడుగా, అదే వాడి జవాబు. చూడు, ఇరవై దాటిన మగధీరుడికి ఫోన్ చేస్తాను. వాళ్ళమ్మ చెబుతుంది, నాన్న చెబుతాడు, మేనత్త అందుకుంటుంది. వాడి నోటి నుంచి వాడి మాట రాబట్టేసరికి నా తలప్రాణం తోకకొస్తుంది. ఇంటర్వ్యూలో కూర్చుని పక్కకి చూస్తారమ్మాయ్ పాపం, ఎవరైనా అందిస్తారేమోనని. వీడికి ఉద్యోగం వస్తుందో రాదో నాకు తెలీదు. తెలుసని చెప్పేవాళ్ళని నమ్మకు. ఒక్కటి మాత్రం చెయ్యి. వాణ్ణి అడిగినదానికి నువ్వు జవాబు చెప్పకు. ఎంతసేపు పట్టినా సరే, నోరు మూసుకుని నిలబడు."

చెప్పినంత తేలిక కాదది. మొన్న పిల్లల డాక్టరు, "నొప్పి ఎక్కడ నాన్నా?" అని అడిగాడు. పిల్లాడు ఆలోచించాడు. డాక్టరు తల్లి వంక చూశాడు. తల్లి గోడ మీది క్యాలెండరు వంక చూసింది. నాలుక చివరికి వచ్చిన చెవిపోటు, జ్వరం, వాడు రాత్రి ఎన్నిసార్లు లేచాడో అన్నీ అక్కడే నొక్కిపట్టింది. చాలాసేపటికి పిల్లాడు చెయ్యి చాచి, డాక్టరు ముక్కు పట్టుకున్నాడు.

తల్లి నోరు మెదపలేదు.